అరపెన్నీ పిల్లులు: లూయీ వేన్ బొమ్మలు, ఒక రోగనిర్ధారణ కథ

గడిచిన శతాబ్దపు ద్వితీయార్ధంలో వచ్చిన మనస్తత్వశాస్త్ర పాఠ్యపుస్తకాలు కొన్నింటిలో ఒక పిల్లి బొమ్మల వరుస కనిపిస్తుంది. మొదటి బొమ్మలో ఉన్నది అందరికీ తెలిసిన పిల్లే: గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు, మెత్తటి బొచ్చు. రెండు మూడు బొమ్మలు దాటేసరికి కళ్లు నిప్పుకణికలవుతాయి, బొచ్చు చివర్లు ముళ్లలా లేస్తాయి, పిల్లి చుట్టూ రంగుల అలలు పుడతాయి. చివరికి వచ్చేసరికి పిల్లి దాదాపు మాయమై, పట్టుచీర అంచు మీది అల్లికను తలపించే రంగుల జాలకం మాత్రం మిగులుతుంది. బొమ్మలు మొత్తం ఎనిమిది. స్కిజోఫ్రీనియా ముదిరేకొద్దీ ఒక చిత్రకారుడి మనసు ఎలా ఛిద్రమవుతూ వచ్చిందో చూడండి అన్నది వాటికి తోడుగా ఉండే వ్యాఖ్య సారాంశం.

ఆ చిత్రకారుడి పేరు లూయీ వేన్. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో ఇంగ్లండులో అతని పిల్లి బొమ్మ లేని ఇల్లు అరుదు. బిడ్డ పుట్టినరోజుకు, క్రిస్మస్ పండుగకు, ఊరు వెళ్లిన మనిషి క్షేమ సమాచారానికి, ఏ కారణమూ లేకుండా స్నేహితుణ్ణి నవ్వించడానికి కూడా జనం అతని బొమ్మ ఉన్న కార్డు కొని పంపేవారు. సామాన్యుడి చేతికి అందే ధరలో చిత్రకళను ఇంటింటికీ చేర్చిన కొద్దిమందిలో అతనొకడు. అంతటివాడు తన చివరి పదిహేనేళ్లు మానసిక చికిత్సాలయాలలో గడిపాడు. మరణించిన తరువాత మాత్రం అతని పేరు బొమ్మలకంటే రోగానికే ఎక్కువగా అంటుకుంది.

ఈ రెండు కథలూ, అంటే చవక బొమ్మల కథా, ఆ ఎనిమిది బొమ్మల కథా, సాధారణంగా విడివిడిగా చెబుతారు. వాటిని కలిపి చదివితే తప్ప వేన్‌కు జరిగిందేమిటో బోధపడదు.

పిల్లికి హోదా వచ్చిన కాలం

విక్టోరియా కాలపు ఇంగ్లండులో కుక్కకున్న గౌరవం పిల్లికి లేదు. కుక్క వేటకు తోడు, విశ్వాసానికి గుర్తు, దొరల చిత్తరువులలో కాళ్ల దగ్గర కూర్చునే బంటు. పిల్లి వంటింట్లో, గిడ్డంగిలో ఎలుకలు పట్టే జీవి. ఇంటి ముందుగదిలో దానికి చోటు దొరకడం నెమ్మదిగా జరిగిన మార్పు. ఆ మార్పుకు తేదీ ఒకటి చెప్పాలంటే 1871 జూలైని చెప్పవచ్చు. ఆ నెలలో చిత్రకారుడు హారిసన్ వియర్ లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేశాడు. జాతుల వారీగా, రంగుల వారీగా పిల్లులను వర్గీకరించి, బహుమతులిచ్చిన తొలి పెద్ద ప్రదర్శన అది. 1887లో నేషనల్ క్యాట్ క్లబ్ ఏర్పడింది. వియర్ దానికి తొలి అధ్యక్షుడు. అతని తరువాత ఆ పదవిలోకి వచ్చినవాడు లూయీ వేన్.

పిల్లిని మనిషికి అద్దంగా వాడుకోవడం మాత్రం ఇంగ్లండు కనిపెట్టిన సంగతి కాదు. ఏడో శతాబ్దపు మహాబలిపురం శిల్పంలో ఒంటికాలి మీద నిలబడి తపస్సు చేస్తున్న పిల్లి ఉంది. దాని చుట్టూ ఎలుకలు నిర్భయంగా తిరుగుతుంటాయి. దొంగ తపస్వి పిల్లి కథ మహాభారతంలోనే కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తా కాళీఘాట్ గుడి వీధులలో పటువాలు యాత్రికులకు చవకగా అమ్మిన బొమ్మలలో నుదుట నామం పెట్టుకుని నోట రొయ్యను కరచుకున్న పిల్లి బాగా పేరుపడింది. వైష్ణవ వేషం వేసి చాటుగా మాంసం తినే కపట భక్తుడి మీద అది విసురు. అంటే చవక బొమ్మ, పిల్లి, పరిహాసం అనే మూడింటి కలయిక వేన్ కంటే ముందే బజారుకెక్కింది. వేన్ ఆ పరిహాసంలోని కాటు తగ్గించాడు; దాన్ని పండుగ కానుకగా ఇచ్చుకోదగినంత మెత్తగా మార్చాడు.

పీటర్ అనే పిల్లి

లూయీ వేన్ 1860 ఆగస్టు 5న లండన్‌లోని క్లర్కెన్‌వెల్‌లో పుట్టాడు. పుట్టుకతో గ్రహణమొర్రి ఉంది. పదేళ్లు వచ్చేదాకా బడికి పంపవద్దని వైద్యుడు సలహా ఇచ్చాడు. తండ్రి బట్టల వ్యాపారంలో ఉన్నవాడు. తల్లి ఫ్రెంచి సంతతికి చెందినది, తివాచీలకూ చర్చి వస్త్రాలకూ నమూనాలు గీసేది. ఈ చివరి సంగతిని గుర్తుపెట్టుకోవాలి, తరువాత అవసరమవుతుంది. వేన్‌కు ఐదుగురు చెల్లెళ్లు. 1880లో తండ్రి మరణించేనాటికి అతనికి ఇరవై ఏళ్లు. తల్లినీ చెల్లెళ్లనూ పోషించే భారం అతని మీద పడింది. చెల్లెళ్లలో ఎవరికీ పెళ్లి కాలేదు. కాబట్టి ఆ భారం జీవితాంతం దిగలేదు.

వెస్ట్ లండన్ స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, అక్కడే కొన్నాళ్లు పాఠాలు చెప్పి, పత్రికలకు బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. పశువుల సంతలు, వ్యవసాయ ప్రదర్శనలు, పల్లెటూరి ఇళ్లు తొలినాళ్లలో అతను గీసిన విషయాలు. ఇరవై మూడేళ్ల వయసులో చెల్లెళ్లకు పాఠాలు చెప్పే ఎమిలీ రిచర్డ్‌సన్‌ను పెళ్లాడాడు. ఆమె అతనికంటే పదేళ్లు పెద్ద. ఆ వయసు తేడాను, ఉద్యోగినిని పెళ్లాడడాన్ని అప్పటి సమాజం తప్పుగా చూసింది. పెళ్లయిన కొద్దికాలానికే ఎమిలీకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది.

రేడియేషన్, కీమోథెరపీ ఏవీ లేని కాలం అది. మంచం పట్టిన రోగికి ఇంట్లో ఇవ్వగలిగింది నొప్పి తగ్గించే మందు, మనిషి తోడు. ఆ ఇంటికి పీటర్ అనే నలుపూ తెలుపూ పిల్లికూన చేరింది. అది ఎమిలీకి తోడయింది. ఆమెను నవ్వించడానికి వేన్ పీటర్ బొమ్మలు గీశాడు. వాటిని పత్రికలకు పంపమని ప్రోత్సహించింది ఆమే. 1886 క్రిస్మస్‌కు ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో అతని ‘పిల్లికూనల క్రిస్మస్ విందు’ అచ్చయింది. పదకొండు గడులలో దాదాపు నూట యాభై పిల్లులు ఆహ్వానాలు రాస్తూ, ఆటలాడుతూ, ఉపన్యాసాలిస్తూ కనిపిస్తాయి. దాన్ని పూర్తి చేయడానికి అతనికి పదకొండు రోజులు పట్టింది. ఆ బొమ్మతో అతని పేరు దేశమంతటా తెలిసింది. ఆ కొద్ది రోజులకే, 1887 ఆరంభంలో ఎమిలీ మరణించింది. వేన్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

ఆ తొలి బొమ్మలో పిల్లులు నాలుగు కాళ్ల మీదే ఉన్నాయి; వాటి ఒంటి మీద బట్టలు లేవు. తరువాతి ఏళ్లలో అవి రెండు కాళ్ల మీద లేచాయి, టోపీలూ ఒంటికంటి కళ్లద్దాలూ పెట్టుకున్నాయి, టీ తాగాయి, పేకాడాయి, చేపలు పట్టాయి, దంతవైద్యుడి కుర్చీలో నోరు తెరిచాయి. హోటళ్లలో, బహిరంగ స్థలాలలో కూర్చుని ఎదుట ఉన్న మనుషులను పిల్లులుగా గీయడం అతని పద్ధతి. మనిషి ముఖం మీద గీస్తే నొప్పించే గీత పిల్లి ముఖం మీద నవ్వు పుట్టిస్తుందని అతనికి తెలుసు.

అరపెన్నీ బజారు

వేన్ బొమ్మలు అంతగా వ్యాపించడానికి అతని చేతివాటం ఒక్కటే కారణం కాదు. తపాలా నియమాలు మరో కారణం. బ్రిటన్‌లో 1870లో పోస్టుకార్డు ప్రవేశించినప్పుడు తపాలా శాఖ ముద్రించిన ఖాళీ కార్డులే చెల్లేవి. దేశం లోపల వాటి తపాలా ఖర్చు అరపెన్నీ. పౌనుకు 240 పెన్నీలున్న ఆ కాలంలో అది పౌనులో 480వ వంతు. 1894లో ప్రైవేటు సంస్థలు ముద్రించిన కార్డుల మీద బిళ్ల అంటించి పంపడానికి అనుమతి వచ్చింది. అప్పటికింకా కార్డుకు ఒక వైపున చిరునామా తప్ప మరేమీ రాయకూడదు. బొమ్మా కబురూ రెండో వైపునే ఇరుక్కోవాలి. 1902లో ఆ నియమం మారింది. చిరునామా వైపును రెండు భాగాలు చేసి, ఒక భాగంలో కబురు రాసుకోవచ్చునన్నారు. దానితో రెండో వైపు మొత్తం బొమ్మకు దక్కింది. బొమ్మల కార్డు స్వర్ణయుగమని చరిత్రకారులు పిలిచే కాలం అక్కడ మొదలై మొదటి ప్రపంచయుద్ధం దాకా సాగింది.

రాఫేల్ టక్ అండ్ సన్స్ వంటి పెద్ద ప్రచురణ సంస్థలూ, చిన్నా చితకా ముద్రాపకులూ వేన్ పిల్లులను వందలాది రకాల కార్డులుగా అచ్చువేశారు. టెలిఫోను సామాన్యుడికి అందని రోజులవి. పట్టణాలలో రోజుకు పలుమార్లు తపాలా బట్వాడా జరిగేది. పొద్దున వేసిన కార్డు సాయంత్రానికి చేరే అవకాశం ఉండేది. పనిమనిషి, గుమస్తా, బడిపిల్ల, సిపాయి ఎవరైనా కొనగలిగిన చిత్రకళ అది. గోడకు తగిలించే తైలవర్ణ చిత్రం ధనికుడిది. ఆల్బంలో అంటించే పిల్లి కార్డు అందరిదీ. 1901 నుంచి 1915 వరకు, మధ్యలో కొన్ని సంవత్సరాలు తప్పినా, ‘లూయీ వేన్స్ యాన్యువల్’ పేరిట బొమ్మల సంపుటాలు వెలువడ్డాయి. వీటికి తోడు పిల్లల పుస్తకాలు సుమారు వంద. 1914 ప్రాంతంలో క్యూబిస్టు, ఫ్యూచరిస్టు చిత్రకళను అనుకరిస్తూ కోణాలు కోణాలుగా, గాఢమైన రంగులతో పింగాణీ పిల్లులను కూడా రూపొందించాడు. అదృష్టం తెచ్చే బొమ్మలుగా వాటిని అమ్మకానికి పెట్టారు. ఇంటి అలమరలో పెట్టుకునే కానుక వస్తువులివి. ఈ పింగాణీ పిల్లులను కూడా గుర్తుపెట్టుకోవాలి.

హక్కులు లేని కీర్తి

ఇంత అమ్మకం జరిగినా వేన్ దగ్గర డబ్బు నిలవలేదు. కారణం సులువైనదే. అతను బొమ్మను మొత్తంగా అమ్మేసేవాడు. ఎన్నిసార్లు అచ్చువేసినా, ఎన్ని రూపాలలో వాడినా కొన్నవాడిదే లాభం. పునర్ముద్రణ హక్కు తన దగ్గర ఉంచుకోవాలన్న ఆలోచన అతనికి రాలేదు, లేదా ఐదుగురు చెల్లెళ్లున్న ఇంటి ఖర్చు దానికి వ్యవధి ఇవ్వలేదు. పాత బొమ్మలే బజారులో తిరుగుతూ ఉండడంతో కొత్త బొమ్మలకు గిరాకీ తగ్గింది. తన బొమ్మలకు తానే పోటీ అయ్యాడు.

ఇదే కాలంలో ఇదే బజారులో మరో దారి కూడా ఉంది. ‘పీటర్ ర్యాబిట్’ కథ రాసి బొమ్మలు వేసిన బియాట్రిక్స్ పాటర్ 1903లోనే ఆ కుందేలు బొమ్మకు పేటెంటు తీసుకుంది. కప్పులు, ఆటవస్తువులు, గోడకాగితాలు ఏవి తయారైనా తన అనుమతితో, తనకు వాటాతో జరిగేలా చూసుకుంది. ఆ రాబడితో సరస్సుల సీమలో పొలాలు కొనగలిగింది. ఒకరు గీసింది కుందేలు, మరొకరు గీసింది పిల్లి. ఇద్దరి బతుకుల మధ్య తేడాకు కళాప్రతిభ కారణం కాదు. కాగితం మీది ఒప్పందం కారణం.

1907లో వేన్ న్యూయార్కు వెళ్లి హెర్స్ట్ పత్రికలకు పిల్లుల బొమ్మల కథలు వేశాడు. ఉన్న కొద్దిపాటి సొమ్మును కొత్త రకం నూనెదీపం తయారీలో పెట్టి పోగొట్టుకున్నాడు. తల్లి మరణించిన 1910లో తిరిగివచ్చాడు. అంతకు ముందే, 1901లో, చిన్న చెల్లెలు మేరీకి మతి తప్పిందని ధ్రువీకరించి చికిత్సాలయంలో చేర్చారు. ఆమె 1913లో అక్కడే మరణించింది. 1914లో వేన్ బస్సు మీదినుంచి పడి తలకు దెబ్బ తగిలి కొంతకాలం ఆస్పత్రిలో ఉన్నాడు. అదే ఏడు యుద్ధం మొదలైంది. కాగితం కొరత వచ్చింది, ముద్రాపకులు చేతులు ముడుచుకున్నారు. 1918లో పోస్టుకార్డు తపాలా ఖర్చు అరపెన్నీ నుంచి పెన్నీకి పెరిగింది. యుద్ధం ముగిసేసరికి జనం అభిరుచి కూడా మారిపోయింది. అరపెన్నీ బజారు పెంచిన మనిషిని ఆ బజారుతో పాటే లోకం మరచిపోయింది.

పేదల వార్డులో పిల్లులు

అరవయ్యో పడిలో పడిన వేన్ ప్రవర్తన మారింది. ఎప్పుడూ మృదువుగా ఉండే మనిషి చెల్లెళ్లను అనుమానించడం, తన వస్తువులు దొంగిలిస్తున్నారని నిందించడం, చేయి చేసుకోవడం మొదలైంది. విద్యుత్తు గురించి అతనికి ముందునుంచే ఉన్న వింత నమ్మకాలు ఇప్పుడు భయాలుగా మారాయి. చెల్లెళ్లు ఓర్చినంత కాలం ఓర్చారు. 1924లో వైద్యులు ధ్రువపత్రం ఇవ్వగా, అతన్ని దక్షిణ లండన్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆస్పత్రిలో, డబ్బు కట్టలేనివారికి కేటాయించిన వార్డులో చేర్చారు.

మరుసటి ఏడు డాన్ రైడర్ అనే పుస్తక వ్యాపారి ఆస్పత్రి పరిశీలనకు వెళ్లి, ఒక మూల నిశ్శబ్దంగా పిల్లులు గీస్తున్న ముసలాయనను చూశాడు. నీ గీత లూయీ వేన్ గీతలా ఉందే అన్నాడట. ఆ ముసలాయన తానే లూయీ వేన్‌నని చెప్పాడు. రైడర్ సహాయ నిధి ప్రారంభించాడు. హెచ్. జి. వెల్స్ రాసిన విన్నపాన్ని 1925 ఆగస్టులో రేడియోలో చదివి వినిపించారు. కొన్ని నెలల క్రితం దాకా ప్రధానిగా ఉన్న రామ్సే మెక్‌డొనాల్డ్ కల్పించుకున్నాడు. వేన్‌ను బెత్లెం రాయల్ ఆస్పత్రికి మార్చారు. 1930లో అక్కడినుంచి సెయింట్ ఆల్బన్స్ దగ్గరున్న నాప్స్‌బరీ ఆస్పత్రికి తరలించారు. అక్కడ తోట ఉంది, తోటలో పిల్లులున్నాయి. 1939 జూలై 4న మరణించేవరకు అతను అక్కడే ఉన్నాడు.

ఆస్పత్రులలో అతను గీయడం మానలేదు. మామూలు పిల్లులు గీశాడు, కళ్లు చెదిరే రంగులలో తోటలూ కొండలూ గీశాడు, తివాచీ నమూనాల వంటి అల్లికలు గీశాడు. క్రిస్మస్ అలంకరణ కోసం వార్డు అద్దాల మీద పిల్లులను చిత్రించాడు. వాటిలో కొన్ని నేటికీ బెత్లెం మ్యూజియం ఆఫ్ ది మైండ్‌లో ఉన్నాయి. పండుగ పూట పిల్లి బొమ్మ ఇచ్చి ఎదుటివారిని నవ్వించడం అతనికి వృత్తిగా పోయినా, అలవాటుగా మిగిలింది.

వరుస పెట్టిన చేయి

డాక్టర్ వాల్టర్ మక్లే లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రిలో మనోవైద్యుడు. జర్మనీ నుంచి వచ్చిన ఎరిక్ గుట్మన్‌తో కలిసి, మానసిక రోగులు గీసిన బొమ్మలను సేకరించేవాడు. మెస్కలిన్ అనే భ్రాంతిజనక పదార్థం తీసుకున్న చిత్రకారులు ఏమి గీస్తారో కూడా వారిద్దరూ పరిశీలించారు. 1922లో జర్మనీలో హాన్స్ ప్రిన్జ్‌హోర్న్ రోగుల చిత్రకళ మీద పుస్తకం ప్రచురించిన నాటినుంచి, బొమ్మలో రోగం ఆనవాలు దొరుకుతుందన్న ఆశ యూరపు మనోవైద్యులలో బలంగా ఉంది.

1939లో మక్లే నాటింగ్ హిల్‌లోని ఒక పాత వస్తువుల అంగడిలో వేన్ బొమ్మలు చూసి కొన్నాడు. వాటి మీద తేదీలు లేవు. ఏది ముందు గీశాడో ఏది తరువాత గీశాడో చెప్పే ఆధారం కాగితం మీద లేదు. మక్లే వాటిని ఒక వరుసలో పెట్టాడు. పోలికైన పిల్లి మొదట, పోలిక తగ్గినవి తరువాత, అల్లిక మాత్రమే మిగిలినది చివర. ఆ వరుస రోగక్రమంగా చలామణీ అయింది. అక్కడినుంచి పాఠ్యపుస్తకాలకెక్కింది.

ఆ వరుస అంత నమ్మదగినదిగా ఎందుకు తోచింది? దాని కింద అప్పటికే ఒక సిద్ధాంతం సిద్ధంగా ఉంది. ఎమిల్ క్రేపెలిన్ 1890లలో ‘డిమెన్షియా ప్రీకాక్స్’ అని పేరుపెట్టిన వ్యాధి లక్షణం క్రమక్షయం. రోగి మనసు మెట్టు మెట్టుగా దిగిపోతుంది, తిరిగి ఎక్కదు. 1908లో యూజెన్ బ్లాయిలర్ దానికి స్కిజోఫ్రీనియా అని కొత్త పేరుపెట్టి, క్షయం అనివార్యం కాదని చెప్పినా, పాత భావన వైద్యుల మనసులలో నిలిచే ఉంది. ఎనిమిది బొమ్మలు ఆ మెట్లలో చక్కగా ఒదిగాయి. నిజానికి మెట్లు ముందే ఉన్నాయి, బొమ్మలను తెచ్చి వాటి మీద పెట్టారు. ఇలా అమర్చిన వరుసను మళ్లీ ఆ సిద్ధాంతానికే సాక్ష్యంగా చూపడం తర్కంలో చక్రక దోషం.

వేన్ జీవితచరిత్రను 1968లో ప్రచురించిన రాడ్నీ డేల్ ఈ వరుసను అంగీకరించలేదు. ఆపైన బెత్లెం సేకరణను చూసినవారూ అదే మాట అన్నారు. వారి అభ్యంతరాలకు బలమైన ఆధారాలున్నాయి. మొదటిది, ఆస్పత్రిలో చేరిన చాలా ఏళ్ల తరువాత కూడా వేన్ మామూలు పిల్లులు గీస్తూనే ఉన్నాడు. క్షయం నిజమైతే అతని చేయి వెనక్కి రాకూడదు. రెండవది, అల్లికలు ఆస్పత్రిలో ఆకాశం నుంచి ఊడిపడలేదు. తివాచీ నమూనాలు గీసిన తల్లి ఇంట్లో పెరిగిన చిత్రకారుడతను. 1914 నాటి పింగాణీ పిల్లులలోనే రూపాన్ని కోణాలుగా విరిచి రంగులతో ఆడుకునే ధోరణి ఉంది. మూడవది, ఆ అల్లికల బొమ్మలలో సౌష్ఠవం చెడలేదు. కుడి ఎడమలు సరితూగుతాయి, రంగులు ఒకదాన్నొకటి నిలబెడతాయి. అంత పొందికగా గీయడానికి పట్టు సడలిన చేయి కాదు, పట్టున్న చేయి కావాలి. కొనేవాడి మెప్పు అవసరం లేని చోట, గడువు అడిగే ప్రచురణకర్త లేని చోట, ఒక ముసలి చిత్రకారుడు తనకు నచ్చినట్టు గీసుకున్నాడన్న వివరణ కూడా ఆ బొమ్మలకు సరిపోతుంది.

వేన్‌కు జబ్బు లేదని దీని అర్థం కాదు. అనుమానాలు, భ్రమలు, ఇంట్లో దౌర్జన్యం అన్నీ నిజం. అతనివల్ల అతని చెల్లెళ్లు పడిన బాధ నిజం. ఆ జబ్బు బొమ్మలలో అంచెలంచెలుగా కనిపిస్తుందన్న మాటకే ఆధారం లేదు.

మరణానంతర రోగనిర్ధారణలు

మక్లే వరుస మీద నమ్మకం సడలిన తరువాత కూడా వేన్‌కు రోగనిర్ధారణలు ఆగలేదు. స్కిజోఫ్రీనియా సాధారణంగా యౌవనంలో, ఇరవైల నుంచి ముప్ఫైల మధ్య బయటపడుతుంది. వేన్ లక్షణాలు స్పష్టంగా బయటపడినది అరవై దాటాక. ఆ వయసులో తొలిసారి కనిపించే మనోవికారాన్ని వేరుగా చూడాలని, అరవై తరువాత మొదలైతే దాన్ని స్కిజోఫ్రీనియా వంటి సైకోసిస్‌గా మాత్రమే పిలవాలని 2000లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. ఈనాడు అలాంటి రోగి వస్తే మెదడు స్కాను, థైరాయిడు, విటమిన్ బి12, సిఫిలిస్ పరీక్షలు, మతిమరుపు జబ్బుల పరిశీలన, పాత తలదెబ్బ వివరాలు చూడకుండా వైద్యుడు ఆ పేరు ఎత్తడు. 1924లో వీటిలో చాలావాటికి సాధనాలే లేవు. సైకోసిస్‌కు పనిచేసిన తొలి ఆధునిక ఔషధం క్లోర్‌ప్రొమజైన్ వాడుకలోకి వచ్చింది 1952లో.

ఐర్లండుకు చెందిన మనోవైద్యుడు మైకేల్ ఫిట్జ్‌జెరాల్డ్ వేన్‌కు ఉన్నది ఆస్పర్జర్ సిండ్రోం అని వాదించాడు. మరికొందరు టాక్సోప్లాస్మా గోండీ అనే పరాన్నజీవిని తెరమీదికి తెచ్చారు. దాని లైంగిక దశ పిల్లి పేగులలో జరుగుతుంది. పిల్లి మలం ద్వారా అది మనిషికి సోకగలదు. ఆ సోకుకూ స్కిజోఫ్రీనియాకూ మధ్య గణాంక సంబంధం ఉందని కొన్ని అధ్యయనాలు చూపాయి. కాని సంబంధం ఉండడం వేరు, కారణం కావడం వేరు. వేన్ విషయంలో అయితే ఆ వాదనకు కాళ్లే లేవు. టాక్సోప్లాస్మాను రక్తంలో గుర్తించే సాబిన్–ఫెల్డ్‌మన్ పరీక్ష వచ్చింది 1948లో, అతను పోయిన తొమ్మిదేళ్లకు. పిల్లులు గీశాడు కాబట్టి పిల్లి రోగమే వచ్చి ఉంటుందన్నది కథగా బాగుంటుంది. వైద్యంగా అది నిలవదు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవన్నట్టే, పిల్లి బొమ్మలకు రోగాలు రావు.

ఈ నిర్ధారణలన్నిటిలో ఉమ్మడి లోపం ఒకటే. రోగి ఎదుట లేడు, ప్రశ్నకు బదులు చెప్పలేడు, పరీక్షకు రక్తమివ్వలేడు. మిగిలింది బొమ్మలు. బొమ్మ ఎవరు ఏ వరుసలో పెడితే వారి మాటే పలుకుతుంది.

ఎవరి పిల్లులు?

2021లో బెనడిక్ట్ కంబర్‌బ్యాచ్ నటించిన చలనచిత్రం వేన్ పేరును కొత్త తరానికి చేర్చింది. అతని అసలు బొమ్మలు నేడు వేలంలో వేల పౌన్లు పలుకుతాయి. బ్రిటన్ చట్టం ప్రకారం రచయిత మరణించిన ఏటి తరువాత డెబ్బై ఏళ్లకు కాపీరైటు ముగుస్తుంది. 2010 నుంచి వేన్ బొమ్మలు అక్కడ ఎవరైనా వాడుకోవచ్చు. కప్పుల మీద, సంచుల మీద, గోడ క్యాలెండర్ల మీద అతని పిల్లులు మళ్లీ చవకగా దొరుకుతున్నాయి. పిల్లిని పెంచుకునే స్నేహితుడికి కానుకగా వాటిని కొనేవారు ఎందరో ఉన్నారు. బతికుండగా హక్కు నిలుపుకోలేని చిత్రకారుడికి ఇందులో కొత్తగా పోయేదేమీ లేదు. బహుశా అతను కోరుకున్నది కూడా ఇదే.

మిగిలిన అప్పు వైద్యులది. ఎనిమిది బొమ్మల వరుస ఈనాటికీ ఉపన్యాసాలలో, ప్రదర్శన పలకలలో తిరుగుతూనే ఉంది. చూడడానికి అందంగా ఉంటుంది, చెప్పడానికి సులువుగా ఉంటుంది, విద్యార్థికి గుర్తుండిపోతుంది. సరిగ్గా అందుకే అది ప్రమాదకరం. ఆ వరుస చూసి నేర్చుకున్న వైద్యుడు, స్కిజోఫ్రీనియా ఉన్న రోగి అంటే చివరికి రూపం చెదిరి అల్లికగా మిగిలే మనిషి అని అనుకునే వీలుంది. కాని ఈ వ్యాధి గతి అందరిలో ఒకటి కాదు. దానితో ఏళ్ల తరబడి బతుకుతూ, పని చేసుకుంటూ, కోలుకుంటున్నవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారి ఇళ్లలో తల్లిదండ్రులు వైద్యుణ్ణి అడిగే మొదటి ప్రశ్న, మా బిడ్డ ఇంక బాగుపడడా అన్నదే. తేదీ లేని ఎనిమిది కాగితాలను చూసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పకూడదు.

వేన్ బొమ్మలను తరగతి గదిలో చూపించవలసి వస్తే నాప్స్‌బరీ కాలపు బొమ్మలన్నిటినీ కలిపి చూపించవచ్చు: అల్లికలు, తోటలు, వాటి పక్కనే ఎప్పటిలాగే టీ తాగుతూ నవ్వే మామూలు పిల్లులు. వాటి కింద రాయవలసిన వ్యాఖ్య కూడా చిన్నదే. చిత్రకారుడు జబ్బుపడ్డాడు, గీయడం మానలేదు.